పిల్లల ఆటల కోసం మొదటి డీఎస్‌ఎల్‌ఆర్: బాడీ సంగతి తర్వాత, ముందు లెన్స్ చూడండి

మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో కబడ్డీ జట్టుతో జోనల్ మీట్‌కు వెళ్లింది. ఆరోజు ఫోన్‌తో నూట నలభై ఫొటోలు తీశాను. రాత్రి టీవీకి కలిపి చూపిస్తుంటే రెండు నిమిషాలు చూసి, "డాడీ, ఇండ్ల నేనెక్కడున్న?" అంది. నిజమే. ఎర్ర దుమ్ము ఉంది, ఎవరిదో మోచెయ్యి ఉంది, గీతలా సాగిపోయిన జెర్సీ రంగు ఉంది. పిల్ల మాత్రం లేదు.

ఆ నెలలోనే డీఎస్‌ఎల్‌ఆర్ కొన్నాను, అంటే లోపల అద్దం ఉండి, లెన్సులు మార్చుకోగలిగే కెమెరా (లెన్స్ తీసేస్తే మిగిలేదే బాడీ). షాపులో కౌంటర్ మీద ముందుగా కనిపించిన బిగినర్ మోడల్, దానితో రెండు లెన్సుల ప్యాక్. పొద్దున మ్యాచ్‌లు బాగానే వచ్చాయి. ఫైనల్ సాయంత్రం ఆరు దాటాక లైట్ల కింద జరిగింది, మళ్లీ అదే మోచెయ్యి, అదే దుమ్ము. తప్పు కెమెరాది కాదు, ఏం అడగాలో తెలియకుండా కొన్న నాది. తర్వాత నల్లగొండలో పెళ్లిళ్ల ఫొటోలు తీసే ఒకాయన ఒక్క మాట చెప్పాడు: "బాడీ ఎప్పుడైనా మారుస్తరు సార్, లెన్స్ ముందుగాల సూస్కోండ్రి." ఇప్పుడు ఎవరు అడిగినా నేను మొదలుపెట్టేది అక్కడి నుంచే.

కొనే ముందు తేల్చుకోవాల్సినవి

మెగాపిక్సెల్స్ గురించి ఆలోచించకండి. కింద చెప్పే కెమెరాలన్నీ 20 మెగాపిక్సెల్స్ దాటినవే, ఇంటికి అంతకంటే అక్కర్లేదు. తేలాల్సినవి మూడు: మీ పిల్లలు మీకు ఎంత దూరంలో ఆడతారు, ఎలాంటి వెలుతురులో ఆడతారు, కెమెరా కదిలే మనిషిని ఎంత గట్టిగా పట్టుకుంటుంది. బరువు, జేబు ఎలాగూ ఉన్నాయి.

దూరానికి నేను వాడే లెక్క ఒకటుంది. లెన్స్ మీద రాసిన ఎంఎం సంఖ్యను 8తో భాగించండి. వచ్చిన అంకె ఎన్ని మీటర్లో, అంత దూరంలో నిలబడ్డ మనిషి తల నుంచి కాళ్ల దాకా ఫ్రేమ్ నిండుతాడు, కెమెరా అడ్డంగా పట్టుకుంటే. 50 ఎంఎంకు ఆరు మీటర్లు, 85కు పదిన్నర, 250కి ముప్పై ఒకటి. ఇది ఏపీఎస్-సీ అనే సైజు సెన్సర్ (కెమెరా లోపల ఫొటోను పట్టే చిప్) లెక్క. మొదటిసారి కొనేవాళ్లు చూసే డీఎస్‌ఎల్‌ఆర్‌లు దాదాపు అన్నీ ఆ సైజువే. పిల్లలు పొట్టి కాబట్టి ఇంకాస్త దగ్గరికి జరగాలి, అంతే తేడా.

ఇప్పుడు ఆటలకు దీన్ని పెట్టి చూద్దాం. కబడ్డీ కోర్టు మగవాళ్లకు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, ఆడవాళ్లకు 12, 8. వాలీబాల్ 18, 9. బ్యాడ్మింటన్ పొడవు 13.4 మీటర్లు.

| ఆట | మీరు నిలబడే చోటు | పిల్లలు ఉండే దూరం | సరిపోయే లెన్స్ |
|---|---|---|---|
| కబడ్డీ | ఎండ్ లైన్ వెనక, నేల మీద కూర్చుని | 4–10 మీటర్లు | 35 నుంచి 85 ఎంఎం |
| వాలీబాల్ | కోర్టు పక్కన, నెట్‌కు కాస్త ఎడంగా | 6–12 మీటర్లు | 50 నుంచి 100 |
| బ్యాడ్మింటన్ | ఎదుటి కోర్టు వెనక | 9–14 మీటర్లు | 85 నుంచి 100 |
| వంద మీటర్ల పరుగు | ఫినిష్ లైన్ దాటి, ఎదురుగా | 10–35 మీటర్లు | 70–300 జూమ్ |
| క్రికెట్ | బౌండరీ బయట | 45–70 మీటర్లు | కనీసం 250, కుదిరితే ఇంకా ఎక్కువ |

క్రికెట్ వరుసను ఒకసారి ఆగి చూడండి. అరవై మీటర్ల దూరంలో ఉన్న బ్యాటర్ 250 ఎంఎంలో ఫ్రేమ్ ఎత్తులో సగమే వస్తాడు. పక్కలు కోసేస్తే 24 మెగాపిక్సెల్స్‌లో ఆరు మిగులుతాయి. గోడకు పెట్టుకునే 8 బై 12 ప్రింటుకు ఆరు సరిపోతాయి. అందుకని క్రికెట్ కోసమే భారీ లెన్స్ కొనాలని ఎవరైనా అంటే తొందరపడకండి.

వెలుతురు దగ్గరే డబ్బు మాట మొదలవుతుంది. పరుగెత్తే పిల్లలు కదలకుండా దొరకాలంటే షటర్ స్పీడ్ (షటర్ తెరిచి ఉండే సమయం) సెకనులో 500వ వంతు, రాకెట్, బంతి కూడా ఆగాలంటే 1000వ వంతు కావాలి. మన పాలమూరు మధ్యాహ్నం ఎండలో ఇది సమస్యే కాదు, ఎఫ్/5.6 (లెన్స్ రంధ్రం కొలత, అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) ఉన్న చవక జూమ్‌తో ఐఎస్‌ఓ (వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపిస్తుందో చెప్పే అంకె) 200 దాటకుండానే 1000వ వంతు వస్తుంది. మబ్బు పడితే ఐఎస్‌ఓ వెయ్యి చుట్టూ. సూర్యుడు దిగి పావుగంట అయ్యాక అదే లెన్స్ 6400 అడుగుతుంది, ఫొటోలో గింజలు మొదలవుతాయి. ఇక ట్యూబ్‌లైట్ల ఇండోర్ హాల్లో 500వ వంతుకే 16000 దాకా పోతుంది. అదే హాల్లో ఎఫ్/1.8 లెన్స్ పెడితే 1600 చాలు. ఎందుకంటే ఎఫ్/1.8 రంధ్రం ఎఫ్/5.6 కంటే దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికి తీసుకుంటుంది. ఎంత ఖరీదైన బాడీ కొన్నా పది రెట్ల తేడా పూడదు. షాపులో ఇది ఎవరూ చెప్పరు, ఎందుకంటే ఎఫ్/1.8 ప్రైమ్ లెన్స్ (జూమ్ లేనిది) చవక.

లెన్సుల పోలిక

*18–55 కిట్ లెన్స్.* బాడీతో పాటు వస్తుంది. పుట్టినరోజులకు, బహుమతులు ఇచ్చే స్టేజీకి పనికొస్తుంది. ఆటకు దాదాపు పనికిరాదు.

*చవక టెలిఫొటో జూమ్.* దూరాన్ని దగ్గరికి తెచ్చే లెన్స్. కెనాన్‌లో ఈఎఫ్-ఎస్ 55–250 ఐఎస్ ఎస్‌టీఎం, నికాన్‌లో ఏఎఫ్-పీ 70–300 వీఆర్. మొదటిది 375 గ్రాములు, రెండోది 415. పగటి పూట గ్రౌండ్‌కు వీటిని మించిన బేరం లేదు, ఫోకస్ త్వరగా తిరుగుతుంది, చేతులు నొప్పి పుట్టవు. పేర్లలో పొరపాటు పడకండి. కెనాన్ 75–300 అని ఇంకోటి ఉంది, అంకె పెద్దది, ధర తక్కువ, కానీ చేతి వణుకును ఆపే ఐఎస్ లేదు, ఫోకస్ కూడా నిదానం. నికాన్ 70–300లో వీఆర్ (నికాన్‌లో ఐఎస్‌కు పేరు) ఉన్నదీ లేనిదీ రెండు రకాలున్నాయి, లెన్స్ మీద రాసి ఉందో లేదో చూడాలి. ఏఎఫ్-పీ లెన్స్ డీ90, డీ3100, డీ5100 లాంటి పాత బాడీల మీద ఫోకస్ చేయదు. ఇంట్లో ఎవరిదైనా పాత నికాన్ ఉంటే ముందు ఇది తెలుసుకోవాలి.

*50 ఎంఎం ఎఫ్/1.8.* అన్నిటికంటే చవక. కెనాన్ ఎస్‌టీఎం బరువు 160 గ్రాములే. కబడ్డీకి కోర్టు చివర నేల మీద కూర్చుంటే కూతకు వచ్చిన రైడర్ సరిగ్గా ఆరు మీటర్ల లోపే ఉంటాడు. జూమ్ లేకపోవడం మొదటి రోజు చిరాకు. రెండో రోజు మీరే ముందుకూ వెనక్కూ జరగడం అలవాటవుతుంది.

*85 ఎంఎం ఎఫ్/1.8.* హాల్లో ఆడే పిల్లలున్న ఇంటికి నా ఓటు దీనికే. కెనాన్ యూఎస్‌ఎం, నికాన్ ఏఎఫ్-ఎస్ రెండూ వేగంగా ఫోకస్ చేస్తాయి. బ్యాడ్మింటన్, వాలీబాల్, ఇండోర్ కబడ్డీ, స్కూల్ యాన్యువల్ డే డ్యాన్స్ కూడా. పెళ్లి ఫొటోగ్రాఫర్లు పోర్ట్రెయిట్లకు ఎక్కువగా వాడతారు కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో తేలిగ్గా దొరుకుతుంది, మనకు అక్కర్లేనప్పుడు అమ్మడమూ తేలికే.

*70–200 ఎఫ్/2.8.* అందరి కల. గ్రౌండ్‌కూ హాల్‌కూ రెండింటికీ పనికొచ్చే ఒకే ఒక్క లెన్స్. కొత్తది కొనే డబ్బుకు ఇంట్లోకి బైకు వస్తుంది. పైగా కెనాన్ రెండో వెర్షన్ దాదాపు కిలోన్నర, 1490 గ్రాములు. నాలుగు మ్యాచ్‌లు వరసగా ఉన్న రోజున మూడో మ్యాచ్‌కల్లా దాన్ని మా ఆవిడకు ఇచ్చి కూర్చున్నాను (అరువు తెచ్చుకున్న లెన్స్). ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలు ఆడుతూ, ఇంకో ఐదారేళ్లు ఆడతారని నమ్మకం ఉంటే తప్ప మొదటి కొనుగోలుగా వద్దు. తక్కువ బరువులో కెనాన్ 70–200 ఎఫ్/4 ఉంది, 705 గ్రాములు. మంచి లెన్సే, కానీ హాల్లో ఎఫ్/4 కూడా చాలదు.

సిగ్మా, టామ్రాన్ 150–600 గురించి క్రికెట్ తండ్రులు అడుగుతుంటారు. 600ను ఎనిమిదితో భాగిస్తే 75 మీటర్లు, బౌండరీ బయటి నుంచి బ్యాటర్ నిండుగా వస్తాడు. దాదాపు రెండు కిలోల బరువు, ఎండ పోతే పని అయిపోయినట్టే. పక్షుల ఫొటోల పిచ్చి కూడా ఉంటే కొనండి.

రెండు లెన్సులు కొనేవాళ్లకు మన నేల గురించి ఒక హెచ్చరిక. ఎర్ర చల్క నేలల గ్రౌండ్‌లో కబడ్డీ జరుగుతుంటే పక్కన నిలబడి లెన్స్ మార్చకండి. దుమ్ము నేరుగా లోపల పడుతుంది, తర్వాత ప్రతి ఫొటోలో ఆకాశం మీద నల్ల చుక్కలే. నేను కారులో అద్దాలు మూసుకుని మారుస్తాను. బండి మీద వెళ్లిన రోజు అసలు మార్చను, ఏ లెన్స్‌తో వెళ్తే దాంతోనే తిరిగొస్తాను.

బాడీల పోలిక

ముందు ఒక నిజం. 2020 తర్వాత కెనాన్, నికాన్ కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ మోడల్ తేలేదు, వాళ్ల శ్రద్ధంతా మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరాలు) మీదికి పోయింది. కాబట్టి ఇవాళ డీఎస్‌ఎల్‌ఆర్ అంటే చాలావరకు సెకండ్ హ్యాండ్ మాటే. మొదటిసారి కొనేవాళ్లకు ఇది మంచిదే, ఒకప్పుడు అందని బాడీలు ఇప్పుడు అందుతున్నాయి.

| బాడీ | వచ్చిన ఏడు | సెకనుకు ఫొటోలు | ఫోకస్ పాయింట్లు |
|---|---|---|---|
| కెనాన్ 1500డీ | 2018 | 3 | 9 |
| కెనాన్ 200డీ మార్క్ 2 | 2019 | 5 | 9 |
| నికాన్ డీ3500 | 2018 | 5 | 11 |
| నికాన్ డీ5600 | 2016 | 5 | 39 |
| కెనాన్ 80డీ | 2016 | 7 | 45 |
| నికాన్ డీ7500 | 2017 | 8 | 51 |
| కెనాన్ 90డీ | 2019 | 10 | 45 |
| కెనాన్ 7డీ మార్క్ 2 | 2014 | 10 | 65 |
| నికాన్ డీ500 | 2016 | 10 | 153 |

ఫోకస్ పాయింట్లంటే ఫ్రేమ్‌లో కెమెరా ఫోకస్ పట్టగలిగే చోట్లు, వాటి సంఖ్య కంటే రకం ముఖ్యం. క్రాస్ టైప్ పాయింటు నిలువు గీతలనూ అడ్డ గీతలనూ పట్టుకుంటుంది కాబట్టి కదిలే మనిషి మీద జారదు. 1500డీ, 200డీ మార్క్ 2, డీ3500ల్లో నడిమి పాయింటు ఒక్కటే క్రాస్ టైప్. 80డీలో 45కి 45 క్రాస్ టైపే. దీని అర్థం, బిగినర్ బాడీలో పిల్ల ఎప్పుడూ ఫ్రేమ్ మధ్యలోనే ఉండాలి. అలా పెట్టుకుని తర్వాత కోసుకుంటే వాటితోనూ మంచి ఫొటోలు వస్తాయి, పని కాస్త ఎక్కువ, అంతే.

సెకనుకు మూడు, పది మధ్య తేడా కబడ్డీలో బాగా తెలుస్తుంది. రైడర్ కాలు డిఫెండర్ చేతికి చిక్కి, ముఖం మారి, నేల మీద పడేదాకా ఒక్క సెకను. మూడు ఫొటోల కెమెరాలో ముందొకటి, పడ్డాక రెండు వస్తాయి. పరుగు పందెంలో ఇంత తేడా ఉండదు, ఎదురుగా వచ్చే పిల్ల ఏ క్షణమైనా బాగానే ఉంటుంది.

నికాన్ డీ3500, డీ5600ల్లో ఫోకస్ మోటారు బాడీలో ఉండదు. నికాన్ సొంత లెన్సుల్లో పేరులో ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పీ ఉన్నవే వాటి మీద తమంతట తాము ఫోకస్ చేస్తాయి. 50 ఎఫ్/1.8డీ లాంటి పాత లెన్స్ తక్కువకు వచ్చిందని కొంటే ప్రతి ఫొటోకూ చేత్తో రింగు తిప్పుకోవాలి. డీ7500, డీ500ల్లో మోటారు ఉంది. కెనాన్ ఈఎఫ్ (డీఎస్‌ఎల్‌ఆర్) లెన్సులకు ఈ బాధే లేదు, మోటారు లెన్స్‌లోనే ఉంటుంది. పాత లెన్సులు ఏరుకుని పోగేసే స్వభావం ఉంటే కెనాన్ వైపు తేలిక అనడానికి ఇదొక కారణం.

హాల్లో ఆడే పిల్లలున్నవాళ్లు చూడాల్సింది ఇంకొకటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబ్‌లైట్లు సెకనుకు వందసార్లు వెలిగి తగ్గుతుంటాయి. కంటికి కనబడదు. 1000వ వంతు షటర్‌లో మాత్రం ఒక ఫొటో తెల్లగా, పక్కది పసుపు పట్టి చీకటిగా వస్తుంది. కెమెరా పాడైందేమోనని టెన్షన్ పడతాం. 80డీ, 90డీ, 7డీ మార్క్ 2, డీ7500, డీ500ల్లో ఈ మిణుకును గమనించి సరైన క్షణంలో షటర్ తెరిచే సెట్టింగ్ ఉంది. హాల్ ఆటలకు నేను బిగినర్ బాడీలు వద్దనడానికి పాయింట్ల కంటే పెద్ద కారణం ఇది.

7డీ మార్క్ 2, డీ500 ఆటల కోసమే పుట్టిన బాడీలు. బరువు 900 గ్రాముల చుట్టుపక్కల, మెనూలు తికమకగా ఉంటాయి, చాలామట్టుకు బాగా వాడి అమ్మినవే దొరుకుతాయి. షటర్ ఆయుష్షు రెండు లక్షల ఫొటోలని కంపెనీలు చెప్పాయి. లక్షలోపు తిరిగినది దొరికితే వదలొద్దు. ఇంట్లో మీరు కాక ఇంకొకరు కూడా వాడాలంటే మాత్రం 80డీ లేదా డీ7500 నయం.

మిర్రర్‌లెస్ సంగతి

కెనాన్ ఆర్10 (2022), ఆర్50 (2023), నికాన్ జెడ్50, సోనీ 6400 కళ్లను గుర్తుపట్టి వెంటాడతాయి. ఆర్10 అయితే సెకనుకు 15 ఫొటోలు. కొత్తదే, వారంటీతోనే కావాలనుకునేవాళ్లు ఇటే రావాలి. మెలిక లెన్స్ దగ్గర ఉంది. ఆర్10తో తరచూ తీసుకునే 55–210 జూమ్ ఎఫ్/7.1 దాకా పోతుంది, అంటే పాత 55–250 కంటే ఇంకా తక్కువ వెలుతురు. డబ్బంతా బాడీకి పెట్టి సాయంత్రం మ్యాచ్‌కు చీకట్లో నిలబడతాం. మధ్యే మార్గం ఒకటుంది: ఆర్10 బాడీ, అడాప్టర్ (డీఎస్‌ఎల్‌ఆర్ లెన్సును దీనికి తగిలించే రింగు), సెకండ్ హ్యాండ్ ఈఎఫ్ 85 ఎఫ్/1.8. కెనాన్ అడాప్టర్ మీద ఈఎఫ్ లెన్సులు మామూలుగానే ఫోకస్ చేస్తాయి. నికాన్ అడాప్టర్ మీద మోటారున్న ఏఎఫ్-ఎస్ లాంటివే.

మీ ఇంటికి ఏది

పిల్లవాడు నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్ లాంటి చోట్ల పగలు క్రికెట్, పరుగు పందెం మాత్రమే ఆడతాడు, బడ్జెట్ తక్కువ: డీ3500తో 70–300 వీఆర్, లేదా 200డీ మార్క్ 2తో 55–250. 1500డీ ఇంట్లో ఉంటే అమ్మొద్దు, 55–250 మాత్రం చేర్చండి. దానికోసం కొత్తగా 1500డీ కొనమని మాత్రం చెప్పను.

కబడ్డీ, వాలీబాల్, సాయంత్రం ఫ్లడ్‌లైట్లు, సంక్రాంతి టోర్నమెంట్లు: సెకండ్ హ్యాండ్ 80డీ, 50 ఎఫ్/1.8, వీలైతే 85. నేను రెండోసారి వెళ్లింది ఈ దారినే. టెలిఫొటో ఆర్నెల్ల తర్వాత కొన్నాను, ఆలోపు లోటేమీ తెలియలేదు.

బ్యాడ్మింటన్ అకాడమీకి వెళ్లే అమ్మాయి, అంతా హాలే: డీ7500 లేదా 80డీ, 85 ఎఫ్/1.8 ఒక్కటే. జూమ్ అసలు వద్దు.

ఏడాదికి ఒక స్పోర్ట్స్ డే, ఒక యాన్యువల్ డే తప్ప ఏమీ లేకపోతే కెమెరా కొనకండి. ఆ రెండు రోజులకు అద్దెకు తెచ్చుకోవచ్చు, లేదా స్టూడియో అబ్బాయికి చెప్పుకోవచ్చు.

తీసుకునేటప్పుడు

సెకండ్ హ్యాండ్‌కు మంచి సమయం పెళ్లిళ్ల సీజన్ అయిపోయాక. స్టూడియోల వాళ్లు బాడీలు మార్చేది అప్పుడే. నికాన్ అయితే అప్పుడే తీసిన ఒక జేపెగ్ ఫొటో వివరాల్లో షటర్ ఎన్నిసార్లు తిరిగిందో ఉంటుంది. కెనాన్‌లో ఎక్కువ మోడళ్లకు అలా కనబడదు, సర్వీస్ వాళ్లతోనో సాఫ్ట్‌వేర్‌తోనో చూపించమనాలి. లెన్స్‌కు వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ముందు నుంచి చూడండి. సాలెగూడు దారాల్లా కనిపిస్తే అది బూజు, ఎంత తగ్గించినా వద్దనండి. కొత్తది కోఠీలోనో ఆబిడ్స్‌లోనో కొంటుంటే ఇండియా వారంటీ కార్డు, దాని మీది సీరియల్ నంబరు, బాడీ కింది నంబరు కలుస్తున్నాయో చూసుకోండి.

ఒక పరీక్ష షాపులోనే చేయండి. కెనాన్‌లో ఫోకస్‌ను ఏఐ సర్వోకు, నికాన్‌లో ఏఎఫ్-సీకి మార్చమనండి, రెండూ కదిలేదాన్ని వెంటాడే సెట్టింగులే. షటర్ 1000వ వంతు, ఐఎస్‌ఓ ఆటో, నడిమి పాయింటు, వరస ఫొటోలు, జేపెగ్. గుమ్మంలో నిలబడి, ఎదురుగా వచ్చే ఆటోను నంబర్ ప్లేటు మీద పాయింటు పెట్టి, మిమ్మల్ని దాటేదాకా వదలకుండా నొక్కండి. తర్వాత స్క్రీన్ మీద పెద్దది చేసి ఒక్కో ఫొటోలో నంబరు చదవండి. సగానికి పైగా చదవగలిగితే బాడీ, లెన్స్ జత కుదిరినట్టే. చదవలేకపోతే లెన్స్ ఒక్కటి మార్పించి ఇంకో ఆటో కోసం ఆగండి. షాపాయన విసుక్కుంటాడు, పర్వాలేదు. రోడ్డు మీద ఆటోలకు కొదవ లేదు.